విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం: ప్రజల సొమ్ము, పండితుల పని

అమెరికాలోని పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల గురించి రాసిన పుస్తకాల్లో చాలావాటికి చివర ఒక జాబితా ఉంటుంది. నోబెల్ బహుమతి పొందినవారు, సెనేటర్లు, రచయితలు, కంపెనీల అధిపతులు అందులో వరుసగా కనిపిస్తారు. విద్యార్థి ఆ జాబితాను కంఠస్థం చేయవచ్చు. కాని దానివల్ల చరిత్ర తెలియదు. ఆ పేర్లు గలవారు పనిచేయడానికి డబ్బు ఎవరిచ్చారు? వారి పని ఫలితం ఎవరికి చేరింది? వారు మాట్లాడిన మాట డబ్బిచ్చినవారికి నచ్చకపోతే ఏమయింది? ఈ మూడు ప్రశ్నలు వేసినప్పుడే జాబితా చరిత్ర అవుతుంది. ఈ వ్యాసంలో ఒకే ఒక విశ్వవిద్యాలయాన్ని, అంటే మాడిసన్ నగరంలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాన్ని, ఈ ప్రశ్నలతో పరిశీలిద్దాం. హార్వర్డ్, యేల్ వంటి ప్రైవేటు విద్యాసంస్థలు దాతల సొమ్ముతో పెరిగాయి. విస్కాన్సిన్ ప్రధానంగా పాడి రైతుల రాష్ట్రం. అక్కడి విశ్వవిద్యాలయం వారి పన్నుల మీద పెరిగింది. అందుకే ఈ ప్రశ్నలకు అక్కడ పదును ఎక్కువ.

నేల, దాని చరిత్రకారుడు

విస్కాన్సిన్ 1848లో రాష్ట్రమైంది. అదే సంవత్సరం విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. రెండు సరస్సుల నడుమ ఉన్న సన్నటి నేల మీద మాడిసన్ నగరం ఉంది. ఒక కొసన రాష్ట్ర శాసనసభా భవనం, మరో కొసన గుట్ట మీద విశ్వవిద్యాలయం. రెంటినీ కలిపేది సుమారు ఒక మైలు పొడవున్న ఒకే వీధి. శాసనసభ్యుడు ఆచార్యుడి దగ్గరకు, ఆచార్యుడు శాసనసభకు నడిచి వెళ్లగలిగేటంత దూరం. ఈ భౌగోళిక వాస్తవాన్ని గుర్తుంచుకోండి. తరువాతి కథలో చాలా భాగం ఆ వీధి మీదనే నడిచింది.

ఆ గుట్ట ఖాళీ నేల కాదు. అది హో-చంక్ అనే ఆదివాసీ జాతి వారి భూమి. 1832లో జరిగిన ఒప్పందం ద్వారా అమెరికా ప్రభుత్వం ఈ సరస్సుల ప్రాంతాన్ని వారి నుంచి తీసుకుంది. పక్షుల ఆకారంలో, జంతువుల ఆకారంలో ఆదివాసుల పూర్వీకులు కట్టిన మట్టి దిబ్బలు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఇప్పటికీ కొన్ని మిగిలి ఉన్నాయి.

అమెరికా చరిత్ర రచనను ఒక మలుపు తిప్పిన ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ ఈ గుట్ట మీదనే చదువుకున్నాడు, ఇక్కడే పాఠం చెప్పాడు. ఆయన 1861లో విస్కాన్సిన్‌లోని పోర్టేజ్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. 1893లో షికాగోలో చరిత్రకారుల సమావేశంలో చదివిన పత్రంలో ఆయన ఒక కొత్త వాదం ముందుకు తెచ్చాడు. అమెరికన్ ప్రజాస్వామ్యం ఐరోపా నుంచి దిగుమతి అయినది కాదు, పడమటి దిక్కుగా జరుగుతూ పోయిన సరిహద్దు ప్రాంతంలో, అందుబాటులో ఉన్న స్వేచ్ఛా భూమి మీద పుట్టింది అన్నది ఆ వాదం సారాంశం. కొన్ని తరాల పాటు అమెరికా చరిత్ర పాఠ్యపుస్తకాలు ఈ వాదం నీడలోనే రాశారు.

టర్నర్‌ను మెచ్చుకోవలసింది ఒకటి ఉంది. రాజులు, అధ్యక్షులు, యుద్ధాల నుంచి చరిత్రను నేల మీదకు, సాధారణ వలసదారుడి దగ్గరకు దింపాడు. కాని ఆ భూమి ‘స్వేచ్ఛగా’ ఎవరికి దొరికింది? ఎవరి దగ్గర నుంచి తీసుకుంటే దొరికింది? తన ప్రాంగణంలోనే మట్టి దిబ్బలు ఉన్న చరిత్రకారుడు ఈ ప్రశ్నను పక్కన పెట్టాడు. చరిత్ర విద్యార్థి ఇక్కడ నేర్చుకోవలసిన సంగతి ఉంది: ఆధారం లేకపోవడం వేరు, ఆధారం కళ్లముందు ఉన్నా దాన్ని ఆధారంగా గుర్తించకపోవడం వేరు. టర్నర్ 1910లో హార్వర్డ్‌కు వెళ్లిపోయాడు.

1894: ఒక ఆచార్యుడిపై విచారణ

రిచర్డ్ ఈలీ అనే అర్థశాస్త్రవేత్త 1892లో మాడిసన్ వచ్చాడు. కార్మిక సంఘాల గురించి, సోషలిజం గురించి అప్పటికే పుస్తకాలు రాసినవాడు. 1894 అమెరికాలో ఆర్థిక మాంద్యం, రైల్వే సమ్మెల సంవత్సరం. ఆ వేసవిలో రాష్ట్ర విద్యాశాఖ పర్యవేక్షకుడు ఆలివర్ వెల్స్ ఒక జాతీయ పత్రికకు లేఖ రాశాడు. ఈలీ సమ్మెలను ప్రోత్సహిస్తున్నాడని, సోషలిజాన్ని బోధిస్తున్నాడని ఆరోపించాడు. వెల్స్ తన పదవి రీత్యా విశ్వవిద్యాలయ పాలకమండలిలో సభ్యుడు కూడా. అందుచేత పాలకమండలి ఒక విచారణ సంఘాన్ని నియమించవలసి వచ్చింది. ఆగస్టులో విచారణ జరిగింది. ఆరోపణలు నిలవలేదు. సెప్టెంబరులో ఈలీ నిర్దోషి అని మండలి తేల్చింది.

అంతటితో ఆగి ఉంటే ఇది ఒక వ్యక్తి కథగానే మిగిలేది. మండలి తన నివేదికలో అంతకుమించి ఒక మాట రాసింది. ఇతర చోట్ల పరిశోధనకు ఎన్ని సంకెళ్లు ఉన్నా, ఈ విశ్వవిద్యాలయం మాత్రం సత్యాన్ని కనుగొనడానికి అడ్డులేకుండా జల్లెడ పట్టడాన్ని, తూర్పారబట్టడాన్ని ప్రోత్సహించాలన్నది దాని భావం. ఇది కళ్లంలో పుట్టిన పోలిక. మన రైతుకూ వివరించి చెప్పవలసిన పని లేదు. గింజను, పొల్లును ముందే వేరు చేసి ఎవరూ తెచ్చి ఇవ్వరు. గాలికి ఎత్తి పోస్తేనే ఏది గింజో తెలుస్తుంది. పోయవద్దని అడ్డుపడితే గింజ కూడా దక్కదు.

ఈ కథను విశ్వవిద్యాలయం తన గొప్పగా చెప్పుకుంటుంది. చెప్పుకోవచ్చు. కాని కాగితాలు కొంచెం లోతుగా చూస్తే రెండు చిక్కులు కనిపిస్తాయి. మొదటిది, ఈలీ తన సమర్థనలో ఆచార్యుడికి ఏ అభిప్రాయమైనా చెప్పే హక్కు ఉందని వాదించలేదు. ఆరోపణలు అబద్ధమన్నాడు. నిజమైతే తాను ఆ పదవికి తగనని కూడా ఒప్పుకున్నాడు. అంటే స్వేచ్ఛకు స్మారకంగా నిలిచిన ఘటనలో నాయకుడే స్వేచ్ఛ కోసం పోరాడలేదు.

రెండోది, పదహారేళ్ల తరువాత అదే పాలకమండలి తన మాట తానే మరచింది. 1910లో అరాచకవాది ఎమ్మా గోల్డ్‌మన్ ప్రసంగించడానికి మాడిసన్ వచ్చింది. సమాజశాస్త్ర ఆచార్యుడు ఎడ్వర్డ్ రాస్ ఆమె ప్రసంగం సంగతి తన తరగతిలో ప్రకటించాడు. మండలి అతణ్ణి అభిశంసించింది. దానికి జవాబుగా 1910 సంవత్సరపు పట్టభద్రులు 1894 నివేదికలోని ఆ వాక్యాన్ని కంచు ఫలకం మీద పోతపోయించి విశ్వవిద్యాలయానికి కానుకగా ఇచ్చారు. మండలికి అది మింగుడు పడలేదు. ఫలకాన్ని ప్రధాన భవనం గోడకు బిగించడానికి 1915 దాకా పట్టింది. ఈ రోజు సందర్శకులు ఫొటోలు తీసుకునే ఆ ఫలకం పాలకులు పెట్టినది కాదు, పాలకులకు వారి మాటనే గుర్తుచేయడానికి విద్యార్థులు పెట్టినది.

రాస్ గురించి ఇంకొక మాట. పశ్చిమ తీరంలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి 1900లో అతణ్ణి వెళ్లగొట్టారు. వాక్స్వాతంత్ర్య చరిత్రలో అతని పేరు గౌరవంగా చెబుతారు. అయితే అక్కడ వివాదానికి కారణమైన ప్రసంగాల్లో ఒకటి ఆసియా వలసదారులను దేశంలోకి రానీయరాదన్నది. స్వేచ్ఛ కోసం నష్టపోయినవాడి భావాలన్నీ ఉదారమైనవని అనుకోరాదు. ఇలాంటి చోట మనిషిని మంచివాడు, చెడ్డవాడు అని విభజించి మార్కులు వేయడం కన్నా, ఏ మాట ఏ సందర్భంలో అన్నాడో చూడటం చరిత్రకారుడి పని.

వీధి ఆ కొస నుంచి ఈ కొసకు

రాబర్ట్ లా ఫాలెట్, చార్లెస్ వాన్ హైస్ ఇద్దరూ 1879లో ఇక్కడే పట్టభద్రులయ్యారు. మొదటివాడు 1901లో రాష్ట్ర గవర్నరు అయ్యాడు, తరువాత మరణించే వరకు సెనేటరుగా ఉన్నాడు. రెండోవాడు భూగర్భశాస్త్రవేత్త, 1903లో విశ్వవిద్యాలయ అధ్యక్షుడయ్యాడు. లా ఫాలెట్ భార్య బెల్ కేస్ 1885లో ఇక్కడి న్యాయ కళాశాల నుంచి పట్టా పొందిన మొట్టమొదటి మహిళ. ఆమె వకీలుగా ప్రాక్టీసు చేయలేదు గాని, భర్త ప్రసంగాల వెనుక, మహిళల ఓటు హక్కు ఉద్యమంలో ఆమె చదువు పనిచేసింది.

ఒకే తరగతిలో చదివిన ఇద్దరు స్నేహితులు వీధికి రెండు కొసల్లో కూర్చున్నారు. రాష్ట్రంలోని ప్రతి కుటుంబానికీ విశ్వవిద్యాలయ ప్రయోజనం అందాలన్న వాన్ హైస్ ఆలోచనకు కాలక్రమంలో ‘విస్కాన్సిన్ భావన’ అనే పేరు స్థిరపడింది. విశ్వవిద్యాలయం ఎల్లలే రాష్ట్రం ఎల్లలు అని దాన్ని క్లుప్తంగా చెబుతారు.

ఈ భావన ఉపన్యాసాలతో ఆగలేదు. ఇక్కడే డాక్టరేటు పొందిన చార్లెస్ మెకార్తీ 1901లో శాసనసభ్యుల కోసం ఒక పరామర్శ గ్రంథాలయం మొదలుపెట్టాడు. అంతకుముందు బిల్లులు తయారుచేసే పని చాలావరకు రైల్వే కంపెనీల, కలప కంపెనీల వకీళ్ల చేతుల్లో ఉండేది. పొలం నుంచి ఎన్నికై వచ్చిన సభ్యుడికి ఏ చట్టం కావాలో తెలుసు, దాన్ని చట్టం భాషలో ఎలా రాయాలో తెలియదు. మెకార్తీ గ్రంథాలయం అతనికి వేరే రాష్ట్రాల చట్టాలు, లెక్కలు వెతికి ఇచ్చేది, బిల్లు ముసాయిదా రాసిపెట్టేది. మన దేశంలో శాసనసభల గ్రంథాలయాలు చూసినవారికి ఇది చిన్న ఏర్పాటుగా తోచవచ్చు. కాని బిల్లు ఎవరు రాస్తారన్నది చిన్న విషయం కాదు.

ఈలీ పిలుపు మీద 1904లో మాడిసన్ వచ్చిన జాన్ కామన్స్ చట్టాల రచనకు మరింత దగ్గరగా పనిచేశాడు. 1911 నాటి కార్మిక నష్టపరిహార చట్టాన్ని ఉదాహరణగా తీసుకోండి. అంతకుముందు యంత్రంలో పడి చెయ్యి పోగొట్టుకున్న కార్మికుడు తప్పు యజమానిదేనని కోర్టులో నిరూపించాలి. వకీలుకు ఫీజు ఎక్కడిది? సాక్షిగా నిలబడే తోటి కార్మికుడి ఉద్యోగం ఉంటుందా? కొత్త చట్టం తప్పు ఎవరిదన్న ప్రశ్నను పక్కన పెట్టి, పనిలో దెబ్బతగిలితే పరిహారం ఇవ్వాలంది. ప్రమాదాలు ఎక్కువైతే యజమానికి బీమా ఖర్చు పెరుగుతుంది. కాబట్టి యంత్రానికి కంచె వేయించడమే అతనికి లాభం. నీతి బోధించడం కన్నా లెక్క మార్చడం మేలన్నది కామన్స్ పద్ధతి.

కామన్స్ శిష్యులు ఇదే పద్ధతిని వాషింగ్టన్ తీసుకువెళ్లారు. నిరుద్యోగ భృతి చట్టం చేసిన మొదటి రాష్ట్రం విస్కాన్సిన్, 1932లో. రెండేళ్ల తరువాత అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నియమించిన ఆర్థిక భద్రతా కమిటీకి కార్యనిర్వాహక సంచాలకుడిగా ఎడ్విన్ విట్టె వెళ్లాడు. ఆర్థర్ ఆల్ట్‌మయర్ కూడా అందులో ముఖ్యపాత్ర వహించాడు. అప్పుడే బి.ఏ. పూర్తిచేసిన విల్బర్ కోహెన్‌ను విట్టె తన సహాయకుడిగా వెంట తీసుకువెళ్లాడు. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం, అంటే వృద్ధాప్య పింఛను, నిరుద్యోగ భృతికి పునాది, ఈ కమిటీ పని నుంచి వచ్చింది. 1965లో వృద్ధుల వైద్య బీమా చట్టం వచ్చినప్పుడు దాని వెనుక కూడా కోహెన్ ఉన్నాడు.

అయితే 1935 చట్టం వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనిచేసేవారిని వదిలేసింది. దక్షిణ రాష్ట్రాల్లో ఈ రెండు పనుల్లోనే నల్లజాతి వారు అత్యధికంగా ఉండేవారు. అలా వదిలేయడం ఎవరి పట్టుదల వల్ల జరిగిందన్న దాని మీద చరిత్రకారుల మధ్య వాదోపవాదాలు ఉన్నాయి. ఫలితం మీద వాదం లేదు.

పాలసీసా, ఎలుకల మందు

ఇక ప్రయోగశాలల వైపు వద్దాం. స్టీఫెన్ బాబ్‌కాక్ 1890లో పాలలో వెన్న శాతాన్ని కొలిచే పరీక్ష ప్రకటించాడు. కొలత గీతలున్న సీసాలో పాలు పోసి గంధకామ్లం కలుపుతారు. ఆమ్లం మిగతా ఘనపదార్థాలను కరిగిస్తుంది. సీసాను గిర్రున తిప్పి వేడినీళ్లు పోస్తే వెన్న పైకి తేలి సన్నటి మెడలో నిలుస్తుంది. గీతలు చూసి శాతం చెప్పవచ్చు. అంతవరకు పాలను తూకం మీద కొనేవారు. నీళ్లు కలిపినవాడికి లాభం, చిక్కటి పాలు పోసినవాడికి నష్టం. ఈ పరీక్ష వచ్చాక జున్ను కేంద్రంలో తగాదా తగ్గింది, మంచి పాడిపశువును గుర్తించడం కుదిరింది. పాల కేంద్రంలో వెన్న శాతం చూసి డబ్బు లెక్కకట్టించుకున్న మన రైతులకు ఈ సంగతి విలువ వేరే చెప్పనక్కరలేదు. బాబ్‌కాక్ దీనికి పేటెంటు తీసుకోలేదు. తన జీతం ప్రజలు ఇస్తున్నారు కాబట్టి ఫలితం వారిదేనన్నది ఆయన వైఖరి.

ఆయన లేవనెత్తిన మరో సందేహం నుంచి 1907లో ఒక ప్రయోగం మొదలైంది. రసాయనిక లెక్క ప్రకారం సమానమైన మేతలు నిజంగా సమానమేనా? కొన్ని పెయ్యలకు మొక్కజొన్న మాత్రమే, కొన్నింటికి గోధుమ మాత్రమే, కొన్నింటికి ఓట్స్ మాత్రమే పెట్టారు. కాగితం మీద లెక్క ఒకటే. కాని మొక్కజొన్న తిన్నవి పుష్టిగా పెరిగాయి, గోధుమ తిన్నవి చిక్కి, బలహీనమైన దూడలను ఈనాయి. లెక్కకు అందని పదార్థం ఏదో ఉందని తేలింది. ఈ బృందంలోని ఎల్మర్ మెకాలమ్, మార్గరీట్ డేవిస్‌తో కలిసి 1913లో వెన్నలోని ఆ పదార్థాన్ని గుర్తించాడు. దాన్నే తరువాత విటమిన్ ఎ అన్నారు. డేవిస్ మొదట కొన్నేళ్లు జీతం లేకుండానే ప్రయోగపు ఎలుకలను సాకింది. జాబితాల్లో మెకాలమ్ పేరు కనిపించినన్ని సార్లు ఆమె పేరు కనిపించదు.

అదే బృందంలో చిన్నవాడు హ్యారీ స్టీన్‌బాక్. ఆహారపదార్థాల మీద అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తే వాటిలో విటమిన్ డి పెరుగుతుందని 1924లో చూపాడు. పిల్లల ఎముకలు వంకరపోయే రికెట్స్ వ్యాధికి అది చౌక మందు. బాబ్‌కాక్‌కు భిన్నంగా స్టీన్‌బాక్ పేటెంటు తీసుకున్నాడు. కంపెనీలు ఇవ్వజూపిన పెద్ద మొత్తాలను కాదని, 1925లో పూర్వ విద్యార్థులు ఏర్పాటు చేసిన పరిశోధనా ఫౌండేషన్‌కు హక్కులు అప్పగించాడు. వచ్చిన ఆదాయం మళ్లీ విశ్వవిద్యాలయ పరిశోధనకే వెళ్లింది. స్వార్థం లేని ఏర్పాటు అనిపిస్తుంది, చాలావరకు నిజమే.

కాని ఫౌండేషన్ ఒక పని చేసింది. వెన్నకు పోటీ అయిన మార్గరిన్ తయారీదారులకు ఈ పద్ధతి వాడుకునే అనుమతి ఇవ్వలేదు. పాడి రైతుల రాష్ట్రం కదా! అయితే మార్గరిన్ తినేది ఎవరు? వెన్న కొనలేని పేదలు. రికెట్స్ ఎక్కువగా వచ్చేది కూడా వారి పిల్లలకే. 1940లలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని అప్పీళ్ల న్యాయస్థానం ఈ పేటెంట్లు చెల్లవని తేల్చింది, పేదల ఆహారానికి ఈ మేలు అందకుండా చేయడాన్ని కూడా తప్పుపట్టింది. ప్రజా విశ్వవిద్యాలయం అంటున్నాం, మరి ప్రజ అంటే పన్ను కట్టిన రైతా, లేక ఆ రాష్ట్రంలో ఎప్పుడూ అడుగుపెట్టని నగరపు కూలి బిడ్డ కూడానా? నా దృష్టిలో ఈ విశ్వవిద్యాలయ చరిత్రలో అన్నింటికన్నా కఠినమైన ప్రశ్న ఇదే. ఈనాటి టీకాల పేటెంట్ల వివాదాల్లో కూడా ఇదే ప్రశ్న వినిపిస్తుంది.

మూడో ఉదంతం కొంత తేలికైనది. 1933 ఫిబ్రవరిలో మంచు తుపానులో ఒక రైతు చచ్చిన పెయ్యను, గడ్డకట్టని రక్తం ఉన్న పాలక్యానును బండిలో వేసుకుని మాడిసన్ వచ్చాడు. పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు లోపల రక్తం కారి చనిపోతున్నాయి. జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ దగ్గర అప్పటికప్పుడు మందు లేదు. ఆ గడ్డి తినిపించవద్దని చెప్పి పంపడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. కాని అతని బృందం ఆ సమస్యను వదలలేదు. ఆరేళ్ల పైచిలుకు శ్రమ తరువాత గడ్డిలోని విషాన్ని వేరుచేశారు. దాని నుంచి తయారైన ఒక పదార్థం 1948లో ఎలుకల మందుగా, కొన్నేళ్లకు మనుషుల గుండెజబ్బుల్లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందుగా వచ్చింది. అదే వార్ఫరిన్. పేరులోని మొదటి భాగం ఆ పరిశోధనా ఫౌండేషన్ ఆంగ్ల నామంలోని పొడి అక్షరాలే. మన ఊళ్లలో గుండె కవాటం మార్పిడి జరిగినవారు ఎందరో వాడే మాత్ర ఇది.

ఇక్కడ పనిచేసిన జన్యుశాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్‌కు 1958లో నోబెల్ వచ్చింది. ఆయన భార్య ఎస్తర్ ఇక్కడే డాక్టరేటు పొందింది, బాక్టీరియాను ఆశ్రయించే లాంబ్డా వైరస్‌ను కనుగొంది, మఖమలు గుడ్డతో సూక్ష్మజీవుల సమూహాలకు అచ్చులు తీసే పద్ధతిని భర్తతో కలిసి రూపొందించింది. బహుమతిలో ఆమె పేరు లేదు.

భారతీయులు

1920లలో బీహార్ నుంచి వచ్చిన ఒక విద్యార్థి ఇక్కడ చదివాడు. బర్క్‌లీలో చేరి, అక్కడ ఫీజు భరించలేక అయోవాకు మారి, పళ్ల తోటల్లో, హోటళ్లలో పనిచేస్తూ చివరకు విస్కాన్సిన్ చేరాడు. ఇక్కడి మిత్రుల వల్ల మార్క్స్‌ను చదివాడు, ఎం.ఎన్. రాయ్ రచనలు చదివాడు. వచ్చేటప్పుడు గాంధీ పిలుపు మీద ప్రభుత్వ సహాయం పొందే కాలేజీని వదిలేసిన జాతీయవాది, వెళ్లేటప్పుడు మార్క్సిస్టు. ఆయనే జయప్రకాశ్ నారాయణ్. పట్టాలు పొందింది ఒహాయోలో గాని, ఆలోచన మలుపు తిరిగింది మాడిసన్‌లో. తరువాత ఆయన మార్క్సిజాన్ని కూడా దాటి సర్వోదయం వైపు వెళ్లారు. అది వేరే పాఠం.

హరగోవింద్ ఖొరానా 1922లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబు పల్లెలో, పట్వారీ కొడుకుగా పుట్టారు. ఆ ఊళ్లో చదువు వచ్చిన కుటుంబం దాదాపు వారిది ఒక్కటే. 1960లో మాడిసన్ వచ్చి, జన్యు సంకేతాన్ని చదవడానికి కావలసిన కేంద్రకామ్లాల ముక్కలను ప్రయోగశాలలో తయారుచేశారు. 1968లో మరిద్దరితో కలిసి నోబెల్ పొందారు. రెండేళ్లకు వేరే చోటికి వెళ్లారు.

తెలుగు చరిత్ర విద్యార్థికి మాత్రం ఈ ఇద్దరి కన్నా దగ్గరివారు మరో ఇద్దరు ఉన్నారు. ఇక్కడ చరిత్ర ఆచార్యుడిగా చాలాకాలం పనిచేసిన రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో గుంటూరు జిల్లా చరిత్రను 1788 నుంచి 1848 వరకు రాశారు. కుర్చీలో కూర్చునేది కంపెనీ కలెక్టరు, లెక్కలు ఉండేది సిరస్తాదారు, అతని బంధువుల చేతుల్లో. మద్రాసు ప్రభుత్వం తన ఆజ్ఞ గ్రామం దాకా నడుస్తోందనుకుంది. నిజానికి అది హుజూరు కచేరి గుమ్మం దాటలేదు. సామ్రాజ్యం అంటే పైనుంచి కిందికి దిగే ఆజ్ఞ అనుకునేవారు ఆ పుస్తకం చదవాలి.

రెండోవారు వెల్చేరు నారాయణరావు. ఏలూరులో అధ్యాపకుడిగా పనిచేసి 1971లో మాడిసన్ వెళ్లి, కొన్ని దశాబ్దాలు తెలుగు భాషాసాహిత్యాలు బోధించారు. అక్కడ ఆయన ఆచార్య పదవికి కృష్ణదేవరాయల పేరు ఉండటం గమనించదగ్గది. డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యంలతో కలిసి 2001లో వెలువరించిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ చరిత్ర విద్యార్థులకు ముఖ్యం. బ్రిటిషువారు రాకముందు దక్షిణ భారతీయులకు చరిత్ర స్పృహ లేదన్న పాత అభిప్రాయాన్ని ఆ పుస్తకం ప్రశ్నించింది. ప్రతి సమాజమూ తన కాలంలో ప్రధానంగా ఉన్న సాహిత్య రూపంలోనే చరిత్ర రాసుకుంటుందని, బొబ్బిలి యుద్ధం వంటి కథనాల్లో చరిత్ర ఎక్కడ ఉందో ఆ రచన పోకడను బట్టి ఆనాటి పాఠకుడు పసిగట్టగలడని దాని వాదం. దీనితో ఏకీభవించని చరిత్రకారులు ఉన్నారు. మీరు బొబ్బిలి కథను చదివి, లేదా విని, మీ అభిప్రాయం ఏర్పరచుకోండి.

దూరం నుంచి చదివేవారు

1960లలో ఈ ప్రాంగణం వియత్నాం యుద్ధ వ్యతిరేకతకు కేంద్రమైంది. అమెరికా విదేశాంగ విధానాన్ని వ్యాపార విస్తరణగా విశ్లేషించిన చరిత్రకారుడు విలియం ఆపిల్‌మన్ విలియమ్స్ 1968 దాకా ఇక్కడే బోధించాడు. నాపాం బాంబుల తయారీదారు డౌ కంపెనీ 1967 అక్టోబరులో ఉద్యోగ నియామకాలకు వచ్చినప్పుడు నిరసన తెలిపిన విద్యార్థులను పోలీసులు లాఠీలతో కొట్టారు, బాష్పవాయువు వదిలారు. 1969లో నల్లజాతి విద్యార్థులు సమ్మె చేసి తమ చరిత్రకు ప్రత్యేక శాఖ సాధించుకున్నారు. 1970 ఆగస్టులో సైనిక గణిత పరిశోధనా కేంద్రం ఉన్న భవనాన్ని కొందరు పేల్చివేశారు. దాంతో ఏ సంబంధమూ లేని ఒక యువ భౌతికశాస్త్ర పరిశోధకుడు మరణించాడు.

ఈ అలజడికి దూరంగా, అదే దశాబ్దంలో, చార్లెస్ వెడెమయర్ అనే విద్యావేత్త చేసిన ప్రయోగం మీకు నేరుగా సంబంధించినది. వాన్ హైస్ కాలంలోనే, 1906-07 నుంచి, ఇక్కడి విస్తరణ విభాగం పోస్టు ద్వారా పాఠాలు పంపేది. విశ్వవిద్యాలయ రేడియో కేంద్రం 1930లలో పల్లె బడుల పిల్లలకు పాఠాలు చెప్పింది. వెడెమయర్ ఈ ముక్కలన్నిటినీ కలపాలనుకున్నాడు. అచ్చు పాఠం, రేడియో, టెలివిజన్, టేపులు, టెలిఫోను, స్థానిక కేంద్రంలో సలహా ఇచ్చే వ్యక్తి: వీటిని ఒకే కోర్సుగా అల్లితే, ఉద్యోగం మానకుండా, ఊరు వదలకుండా డిగ్రీ చదవవచ్చునన్నది 1964లో మొదలైన అతని పథకం.

పాఠాలు బాగున్నాయి, విద్యార్థులు వచ్చారు. పథకం మాత్రం నిలవలేదు. దానికి సొంత అధ్యాపకులు లేరు, సొంత నిధులు లేవు, డిగ్రీ ఇచ్చే అధికారం లేదు. మూడింటికీ ప్రాంగణంలోని శాఖల దయ మీద ఆధారపడవలసి వచ్చింది. దూరం నుంచి చదివేవారు తక్కువ రకం విద్యార్థులన్న చిన్నచూపు ఆ శాఖల్లో ఉండేది. ఎల్లలు లేవని చెప్పుకున్న విశ్వవిద్యాలయం గేటు దగ్గరే ఎల్ల గీసింది.

ఆ సమయంలో బ్రిటన్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం గురించి ఆలోచనలు సాగుతున్నాయి. వెడెమయర్ అక్కడికి వెళ్లి తన ప్రయోగం గురించి, అందులోని లోపాల గురించి కూడా చెప్పాడు. 1969లో బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడినప్పుడు దానికి సొంత అధ్యాపకులు, సొంత నిధులు, సొంత డిగ్రీలు ఇచ్చే అధికారం మొదటి రోజు నుంచే ఉన్నాయి. ఆ నమూనాను అధ్యయనం చేసి, 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. దేశంలో అది మొట్టమొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి 1985లో ఢిల్లీ వెళ్లి, అప్పుడే ఏర్పడిన ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపకులపతి అయ్యారు.